ఏ కేసు, ఏ రోజు? సుప్రీంకోర్టు విచారణ జాబితాపై ఒక పరిశీలన

సారాంశం

సుప్రీంకోర్టులో ఏ కేసును ఏ ధర్మాసనం వినాలన్నది ప్రధాన న్యాయమూర్తి నిర్ణయమేనని 2017, 2018 తీర్పులు స్థిరపరిచాయి. ఆ కేసు ఎప్పుడు బెంచి ముందుకు రావాలన్న ప్రశ్నపై అంత చర్చ జరగలేదు. రోజువారీ జాబితా తయారయ్యే తీరును, ఇటీవలి కొన్ని ఘట్టాలను పరిశీలించి, తేదీ వేయడం కేవలం కార్యాలయ వ్యవహారం కాదని, కేసు ఫలితాన్నే మార్చగల నిర్ణయమని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: సుప్రీంకోర్టు, కాజ్‌లిస్ట్, రోస్టర్, మెన్షనింగ్, రాజ్యాంగ ధర్మాసనం, రిజిస్ట్రీ

1. ప్రవేశిక

మర్నాడు సుప్రీంకోర్టులో ఏయే కేసులు విచారణకు వస్తాయో చెప్పే పత్రం కాజ్‌లిస్ట్. పేజీ పైన కోర్టు నంబరు, న్యాయమూర్తుల పేర్లు ఉంటాయి. కింద వరుసగా ఐటెం నంబరు, కేసు నంబరు, ఉభయ పక్షాల పేర్లు, వారి వకీళ్ల పేర్లు ఉంటాయి. ఒకే అంశం మీద వచ్చిన పిటిషన్లను కట్టగా కట్టి 12, 12.1, 12.2 అని నంబర్లు వేస్తారు. ఆ ఉదయం కోర్టు వరండాలో కేసును పేరుతో ఎవరూ పిలవరు, అందరి నోటా ఐటెం నంబరే. ఏ కోర్టులో ఎన్నో ఐటెం నడుస్తోందో డిస్‌ప్లే బోర్డు చూపిస్తుంటే, దాన్నిబట్టి వకీళ్లు ఒక హాలు నుంచి మరో హాలుకు పరుగెడతారు.

కోర్టు ఉదయం 10:30కు మొదలై ఒంటిగంటకు ఆగుతుంది. మళ్లీ 2 నుంచి 4 దాకా కూర్చుంటుంది. అంటే రోజుకు 270 నిమిషాలు. సోమవారం ఒక ధర్మాసనం ముందు 60 కేసులు పెడితే ఒక్కోదానికి నాలుగున్నర నిమిషాలు దక్కుతాయి. ముందున్న కేసు సాగితే వెనకున్నది ఆ రోజుకు అందదు. కాబట్టి జాబితాలో ఉండటమే కాదు, ఎన్నో వరుసలో ఉన్నామన్నదీ లెక్కే. కేసును ‘టాప్ ఆఫ్ ది లిస్ట్’గా వేయమని, ‘హై ఆన్ బోర్డ్’ ఉంచమని వకీళ్లు అడగడం, కొన్నిసార్లు న్యాయమూర్తులు ఆ మేరకు ఉత్తర్వు రాయించడం ఇందుకే.

ఈ కొద్ది సమయాన్ని పంచేదెవరు, ఏ కొలతతో పంచుతారు అన్నదే ఈ వ్యాసం ప్రశ్న.

2. ఫైలింగు నుంచి జాబితా దాకా

తెలంగాణ హైకోర్టులో భూసేకరణ కేసు ఓడిన రైతు సుప్రీంకోర్టుకు వెళ్లాలనుకున్నాడనుకుందాం. రాజ్యాంగంలోని 136వ అధికరణం కింద స్పెషల్ లీవ్ పిటిషన్ వేయాలి. వకీలును పెట్టుకుంటే దాన్ని, సుప్రీంకోర్టులో దాఖలు చేసే అర్హత ఉన్న అడ్వకేట్ ఆన్ రికార్డ్ ద్వారానే దాఖలు చేయాలి. ఫైలుకు మొదట డైరీ నంబరు పడుతుంది. తర్వాత కోర్టు కార్యాలయమైన రిజిస్ట్రీ లోపాలు వెతుకుతుంది. కోర్టు ఫీజు తక్కువైందని, వకాల్తానామా సరిగా లేదని, తెలుగులో ఉన్న పహాణీకో అవార్డు నకలుకో ఇంగ్లిషు అనువాదం జతచేయలేదని జాబితా ఇస్తుంది. 2013 నాటి సుప్రీంకోర్టు నియమావళి ప్రకారం ఈ లోపాలు సరిదిద్దడానికి మొత్తం 28 రోజుల గడువుంది. అన్నీ సరిచూశాకే కేసు నంబరు పడి, జాబితాలోకి వచ్చే అర్హత దక్కుతుంది.

ఇక తేదీ. కేసు ఏ విభాగానికి చెందుతుందో చూసి, ధర్మాసనాలకు విభాగాలు పంచే రోస్టర్ ప్రకారం ఆ విభాగం ఎవరిదో ఆ ధర్మాసనానికి కంప్యూటర్ కేటాయిస్తుంది. వెబ్‌సైట్లో ఒక సంభావ్య తేదీ కనిపిస్తుంది. అది ఖాయం కాదు. ముందు అడ్వాన్స్ లిస్టు, తర్వాత రోజువారీ లిస్టు, ఆపైన సప్లిమెంటరీ లిస్టు వస్తాయి. చివరిది వచ్చేదాకా రైతుకు రైలు టికెట్టు కొనుక్కోవాలో వద్దో తెలియదు.

కంప్యూటర్ ఈ పనిలోకి 1990ల తొలినాళ్లలోనే వచ్చింది. ఎన్‌ఐసీ తయారుచేసిన లాబిస్ వ్యవస్థతో, ఒకే చట్టప్రశ్న ఉన్న కేసులను గుర్తించి ఒకేసారి జాబితాలో వేయడం సాధ్యమైంది. ఆ దశాబ్దంలో పెండింగు లక్ష పైనుంచి 20 వేల దరిదాపులకు తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణంగా చెబుతారు. 2017 మేలో కొత్త కేసు నిర్వహణ వ్యవస్థ ఐసీఎంఐఎస్ ప్రారంభమైంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గణాంకాలు జాతీయ న్యాయ గణాంక గ్రిడ్‌లో చేరేనాటికి పెండింగు మళ్లీ 80 వేలు. యంత్రం కేసులను వరుసలో పెడుతుందే గాని ఏవి ముందు, ఏవి వెనక అన్న నియమాన్ని మనుషులే దానికి చెప్పాలి.

3. వారం విభజన

సుప్రీంకోర్టు వారం చిరకాలంగా రెండు ముక్కలు. సోమ, శుక్రవారాలు మిసలేనియస్ రోజులు. కొత్త పిటిషన్లను విచారణకు తీసుకోవాలా వద్దా అని తేల్చేది అప్పుడే. మంగళ, బుధ, గురువారాలు సంప్రదాయంగా పూర్తిస్థాయి వాదనలు అవసరమైన రెగ్యులర్ కేసులవి.

ఈ విభజనకు మూలం 136వ అధికరణం. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమందీ ఒకే ధర్మాసనంగా కూర్చుంటారు. ఏ కేసు వినాలో ముందే కాగితాల మీద ఎంచుకుని, ఏడాదికి సుమారు 60 కేసుల్లో మౌఖిక వాదనలు వింటారు. సాధారణంగా ఒక్కో పక్షానికి అరగంట. అందువల్ల తేదీలు నెలల ముందే ఖరారవుతాయి. మన దగ్గర ఎంపిక సైతం బహిరంగ కోర్టులో, వకీలు మాటలు విన్నాకే జరుగుతుంది. ఎంచుకునే పనికే వారంలో రెండు రోజులు పోతాయి. ఎంచుకున్నవి వినడానికి మిగిలే మూడు రోజుల్లోంచే రాజ్యాంగ ధర్మాసనాలకూ సమయం తీయాలి. 145(3) అధికరణం ప్రకారం రాజ్యాంగ వ్యాఖ్యానానికి సంబంధించిన గణనీయ చట్టప్రశ్నను కనీసం ఐదుగురు న్యాయమూర్తులు వినాలి. ఐదుగురిని ఒకచోట కూర్చోబెడితే ఆ మేరకు ఇద్దరేసి కూర్చునే ధర్మాసనాలు తగ్గుతాయి. దీర్ఘకాలిక ప్రశ్నలకూ రోజువారీ వ్యాజ్యాలకూ మధ్య పోటీ ఈ వ్యవస్థలోనే ఉంది.

4. ఎవరు వినాలి: రోస్టర్ వివాదం

ధర్మాసనాలు అనేకం కావడంతో కోర్టు ఒక్క గొంతుతో మాట్లాడదని నిక్ రాబిన్సన్ వంటి పరిశోధకులు గుర్తించారు. కేసు ఎవరి ముందుకు వెళ్తుందన్నదాన్ని బట్టి ఫలితం మారే అవకాశం ఉన్నప్పుడు కేటాయింపు అధికారం కీలకమవుతుంది.

హైకోర్టుల విషయంలో ఈ అధికారం ప్రధాన న్యాయమూర్తిదేనని ప్రకాశ్ చంద్ కేసు (1998) చెప్పింది. సుప్రీంకోర్టులో ఈ ప్రశ్న 2017 నవంబరులో రాజుకుంది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నేతృత్వంలోని ధర్మాసనం ఒక పిటిషన్‌ను అత్యంత సీనియర్లయిన ఐదుగురు న్యాయమూర్తులు వినాలని నవంబరు 9న ఆదేశించింది. మర్నాడే ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ దీపక్ మిశ్రా అధ్యక్షతన ఐదుగురు కూర్చుని, ధర్మాసనాల ఏర్పాటు అధికారం ప్రధాన న్యాయమూర్తి ఒక్కరిదేనని తేల్చారు. 2018 జనవరి 12న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ కురియన్ జోసెఫ్ పత్రికల ముందుకు వచ్చినప్పుడు వారి ప్రధాన ఆరోపణ కేటాయింపుల మీదే. ఆ ఏడాది ఏప్రిల్లో అశోక్ పాండే కేసు, జులైలో శాంతిభూషణ్ కేసు పాత సూత్రాన్నే ధ్రువీకరించాయి. అయినా వివాదం వృథా పోలేదు. ఏ విభాగం కేసులు ఎవరు వింటారో చెప్పే రోస్టర్‌ను 2018 ఫిబ్రవరి 1న మొదటిసారి బహిరంగపరిచారు.

‘ఎవరు’ అన్న ప్రశ్నకు ఇలా కొంత పారదర్శకత వచ్చింది. ‘ఎప్పుడు’ అన్నదానికి అలాంటి పట్టిక ఇప్పటికీ లేదు.

5. ఎప్పుడు వినాలి: నాలుగు ఘట్టాలు

మొదటిది అయోధ్య భూవివాదం. 2019 ఆగస్టు 6 నుంచి అక్టోబరు 16 దాకా ఐదుగురు న్యాయమూర్తులు 40 రోజులు వాదనలు విన్నారు. ఇందుకోసం సోమ, శుక్రవారాలను కూడా వాడుకున్నారు. తలచుకుంటే వారం విభజనను పక్కన పెట్టగలమని కోర్టు తానే చూపింది.

రెండోది 370వ అధికరణం రద్దుపై సవాలు. పిటిషన్లు అదే 2019 ఆగస్టులో దాఖలయ్యాయి. ఏడుగురు న్యాయమూర్తులకు నివేదించనక్కర్లేదని 2020 మార్చి 2న తీర్పు వచ్చాక, మళ్లీ 2023 జులై దాకా అవి జాబితాలోకి రాలేదు. వచ్చాక 16 రోజుల్లో వాదనలు ముగిశాయి. వినడానికి పట్టింది నెల రోజులైతే, వినడం మొదలుపెట్టడానికి పట్టింది నాలుగేళ్లు. ఈలోగా జమ్మూ కశ్మీర్ రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారి, కొత్త పాలన వేళ్లూనుకుంది.

మూడోది తెలుగు పాఠకులకు బాగా తెలిసిన అమరావతి. రాజధాని అక్కడే నిర్మించాలని 2022 మార్చి 3న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. రాజధానిని మార్చదలచిన రాష్ట్ర ప్రభుత్వం సెప్టెంబరులో సుప్రీంకోర్టుకెక్కింది. నవంబరు 28న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ధర్మాసనం నిర్మాణ గడువులపై స్టే ఇచ్చింది. త్వరగా వినమని ప్రభుత్వ వకీళ్లు పదేపదే కోరినా తుది విచారణ జరగలేదు. 2023 జూన్‌లో జస్టిస్ జోసెఫ్ రిటైరయ్యారు. జులైలో మరో ధర్మాసనం కేసును డిసెంబరుకు వాయిదా వేసింది. 2024 జూన్‌లో ప్రభుత్వమే మారింది. కొత్త ప్రభుత్వం అమరావతినే రాజధానిగా తీసుకోవడంతో వివాదానికి అర్థం పోయింది. హైకోర్టు తీర్పు ఒప్పా తప్పా అని సుప్రీంకోర్టు చెప్పాల్సిన అవసరం లేకుండానే, దాని ముఖ్య ఉద్దేశం నెరవేరింది. ఇక్కడ ఏ న్యాయమూర్తి మీదా నింద లేదు. ఒక్కో వాయిదాకూ సమంజసమైన కారణమే ఉండొచ్చు. అన్నీ కలిపితే మాత్రం, ఎవరూ తీర్పు రాయకుండానే ఒక ఫలితం వచ్చింది.

నాలుగోది 2023 డిసెంబరు 5 నాటిది. న్యాయమూర్తుల నియామకాల్లో కేంద్రం జాప్యంపై జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ధర్మాసనం వింటున్న కేసు ఆ రోజుకు వేసి ఉంది. తీరా చూస్తే జాబితాలో లేదు. వకీళ్లు ప్రస్తావించగా, తాను తొలగించలేదని, కొన్ని విషయాలు మాట్లాడకపోవడమే మేలని జస్టిస్ కౌల్ అన్నారు. వినాల్సిన న్యాయమూర్తికే సంబంధం లేకుండా కేసు జాబితా నుంచి జారిపోగలదని ఈ ఘట్టం చెబుతుంది. ఉత్తర్వుల్లో ‘జాబితా నుంచి తొలగించరాదు’ అని ప్రత్యేకంగా రాయించే అలవాటు కోర్టులో ఊరికే పుట్టలేదు.

6. సర్క్యులర్ల పాలన

2021 ఏప్రిల్ నుంచి 2025 నవంబరు దాకా ఆరుగురు ప్రధాన న్యాయమూర్తులు ఆ పీఠమెక్కారు. జాబితా పద్ధతి దాదాపు ప్రతిసారీ మారింది. 2022 ఆగస్టు 26న పదవీ విరమణ చేస్తూ జస్టిస్ ఎన్.వి. రమణ, కేసుల లిస్టింగు, పోస్టింగు సమస్యల మీద తగినంత దృష్టి పెట్టలేకపోయానని క్షమాపణ కోరారు. 74 రోజులే పదవిలో ఉన్న జస్టిస్ యు.యు. లలిత్ మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం రెగ్యులర్ కేసులు, మధ్యాహ్నం మిసలేనియస్ కేసులు పెట్టే ఏర్పాటు తెచ్చారు. మధ్యాహ్నం సమయం కేసుల సంఖ్యకు చాలడం లేదని జస్టిస్ కౌల్ ధర్మాసనం ఏకంగా ఉత్తర్వులోనే రాసింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ కాలంలో, వెరిఫికేషన్ పూర్తయిన రోజును బట్టి కొత్త కేసు వచ్చే సోమవారమో శుక్రవారమో దానంతటదే జాబితాకెక్కే పద్ధతి వచ్చింది. 2024 నవంబరులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, అత్యవసర కేసును కోర్టులో నోటితో ప్రస్తావించే మౌఖిక మెన్షనింగ్‌ను ఆపి, ఈమెయిల్ లేదా రాతపూర్వక స్లిప్ ద్వారానే అత్యవసరాన్ని తెలపాలన్నారు. 2025 మేలో జస్టిస్ బి.ఆర్. గవాయ్ మౌఖిక మెన్షనింగ్‌ను తిరిగి తెచ్చారు. ఆగస్టులో తన కోర్టులో సీనియర్ న్యాయవాదులకు ఆ అవకాశం తీసేసి జూనియర్లకు వదిలారు.

ఈ మార్పుల్లో మంచివి ఉన్నాయి. ముఖ్యంగా కొత్త కేసులు వాటంతటవే జాబితాకెక్కడం వల్ల, వకీలు పలుకుబడితో పని లేకుండా మొదటి తేదీ దొరుకుతుంది. జూనియర్లతో మెన్షన్ చేయించడం వల్ల పెద్ద వకీలును పెట్టుకోలేని కక్షిదారుకు కొంత సమానత్వం దక్కుతుంది. లోపం వాటి స్వభావంలో ఉంది. ఇవి సర్క్యులర్లు, నియమాలు కావు. 145వ అధికరణం కింద నియమం చేయాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. సర్క్యులర్‌కు అది అక్కర్లేదు. కార్యనిర్వాహక వర్గం చేయి పడకుండా కోర్టు తన సమయాన్ని తానే దిద్దుకోవడం న్యాయమే. కాని తేలిగ్గా వచ్చింది తేలిగ్గానే పోతుంది. రైతు వకీలు పాత పద్ధతి నేర్చుకునేసరికి కొత్తది వస్తుంది.

7. చర్చ, ముగింపు

తేదీలకు బిగువైన సూత్రం పెట్టలేమన్న వాదనలో బలముంది. ఉరిశిక్ష, హెబియస్ కార్పస్, బెయిలు వంటివి ఎప్పుడొస్తాయో ముందే చెప్పలేం. న్యాయమూర్తి తప్పుకుంటే మొత్తం వరుస కదులుతుంది. 2021 ఆగస్టులో కృష్ణా జలాల విషయంలో తెలంగాణపై ఆంధ్రప్రదేశ్ వేసిన పిటిషన్‌లో, తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినంటూ జస్టిస్ రమణ మధ్యవర్తిత్వాన్ని సూచించారు. ఆంధ్రప్రదేశ్ విచారణనే కోరడంతో కేసును మరో ధర్మాసనానికి పంపారు. ఇలాంటి వెసులుబాటు లేకుండా ఏ కోర్టూ నడవదు.

అందువల్ల ఈ వ్యాసం విచక్షణను తీసేయమనడం లేదు, దానికి జాడ ఉండాలంటోంది. ఇందుకు మూడు చిన్న ఏర్పాట్లు చాలు. ఒకటి, ధర్మాసనం ఉత్తర్వుతో వేసిన తేదీని ఆ ధర్మాసనం సమ్మతి లేకుండా మార్చకూడదు. మారిస్తే ఎవరి ఆదేశంతో, ఎందుకు మార్చారో జాబితాలోనే ఒక వాక్యం ఉండాలి. రెండు, రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించిన కేసుల వరుసను రోస్టర్ లాగే ప్రచురించాలి. వరుస తప్పిస్తే కారణం చెప్పాలి. మూడు, కాలం గడిస్తే నిరర్థకమయ్యే కేసులను దాఖలు దశలోనే గుర్తించి, వాటికి ప్రత్యేక వర్గం పెట్టాలి. వీటికి రాజ్యాంగ సవరణా అక్కర్లేదు, కొత్త న్యాయమూర్తులూ అక్కర్లేదు.

స్టే ఉత్తర్వు ఒక్క వాక్యమైనా దాని కింద న్యాయమూర్తి సంతకం ఉంటుంది, దాన్ని ప్రశ్నించే దారి ఉంటుంది. అమరావతి, కశ్మీర్ కేసుల్లో వాయిదాలు కలిసి స్టే కన్నా పెద్ద పని చేశాయి. ఆ పనికీ ఒక సంతకం, ఒక కారణం ఉండాలని కోరడం న్యాయమూర్తుల స్వేచ్ఛకు కళ్లెం వేయడం కాదు. ప్రతి ప్రభుత్వ అధికారి నుంచి సుప్రీంకోర్టు రోజూ అడుగుతున్నదీ అదే.