భీమేశ్వరుడి ఊళ్లో ఒలందు దిబ్బ

ద్రాక్షారామం వెళ్లొచ్చినవాళ్లు భీమేశ్వరస్వామి గురించి చెబుతారు, మాణిక్యాంబ గురించి చెబుతారు. ఒలందు దిబ్బ చూశారా అంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్న చోటుకి జనం పెట్టుకున్న పేరది. ఆ సమాధులు 1675, 1728 నాటివి.

1675 అంటే గోల్కొండ గద్దె మీద తానాషా ఉన్న కాలం. గోదావరి సీమ ఆయన ఏలుబడిలోదే. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో దిగి, తర్వాత పాలకొల్లుకీ ద్రాక్షారామానికీ పాకింది. వాళ్ల కన్నంతా తూర్పు దీవుల లవంగం, జాజికాయ, జాపత్రి మీద. ఆ దీవులవాళ్లకు మన నేతగుడ్డ అంటే మోజు. అంచేత ఇక్కడ బట్ట కొనాలి, అక్కడ దాన్నిచ్చి సుగంధద్రవ్యాలు తెచ్చుకోవాలి. స్థానిక వర్తకుల చేతికి బయానా ఇచ్చి సాలెవాళ్లతో నేయించడం, వచ్చిన తానుల పొడవూ పన్నా కొలిచి, నేత ఒత్తుగా ఉందో లేదో చూసి, మూటలు కట్టించి ఓడకెక్కించడం: గిడ్డంగిలో రోజూ జరిగే పని ఇదే. వాళ్ల కాగితాల్లో మన ద్రాక్షారామం ‘దాట్జెరోం’ అయిపోయింది. డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి కోరమండల్ తీరంలో తమ కంపెనీ ఎదుగుదల, పతనాల గురించి రాసిన పుస్తకం 1693లో అచ్చయింది. అందులో ఈ ఊరి కొఠీ ప్రస్తావన ఉంది.

వీళ్లొక్కరే కాదు. 1708లో ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు కొఠీ పెట్టారు, 1723లో యానాంలో ఫ్రెంచివాళ్లు. గౌతమీ పాయ, కోరంగి రేవు, చుట్టూ మగ్గాల ఊళ్లు. కంపెనీలన్నీ ఈ మూలకే ఎందుకు చేరాయో వేరే చెప్పక్కర్లేదు. యానాంలో ఫ్రెంచి పాలన 1954 దాకా సాగింది.

పరదేశులు అడుగుపెట్టిన ప్రతిచోటా కథ ఇలా గుడ్డతోనే సరిపోలేదు. మెక్సికోలో మెరిడా అనే నగరం ఉంది. 1542లో స్పెయినువాళ్లు అక్కడి మాయా నగరం తీహో మీదే దాన్ని కట్టారు. పిరమిడ్ల రాళ్లు ఊడదీసి చర్చికీ ఇళ్లకీ వాడుకున్నారు. 1598లో పూర్తయిన పెద్ద చర్చి చూడ్డానికి నేటికీ యాత్రికులు వెళ్తారు, గోడల్లో మాయా రాళ్లు వెతుక్కుంటారు. మన దగ్గర అలా జరగలేదంటే డచ్చివాడు ఉత్తముడని కాదు. అతనికి కావలసింది మన రాయి కాదు, మన గుడ్డ.

రాయి భద్రంగానే ఉంది. తూర్పు చాళుక్య రాజు మొదటి భీముడి (892–921) పేరుతో ముడిపడిన గుడి మన భీమేశ్వరాలయం. కింది అంతస్తు నుంచి పైకి లేచిన లింగానికి అభిషేకం పై అంతస్తులో చేస్తారు. అసలు చూడాల్సింది గోడలూ స్తంభాలూ. వాటి నిండా శాసనాలే, వందల్లో ఉన్నాయి. రాజుల బిరుదుల హోరు కాస్త దాటితే మామూలు మనుషులు కనబడతారు. ఒకరు అఖండదీపానికి గొర్రెలిచ్చారు, ఇంకొకరు ఆవులిచ్చారు. మందను పుచ్చుకున్నవాడు దీపానికి కొలిచి నెయ్యి పోయాలి. ఇదంతా తేదీతో, పేర్లతో రాతిమీదికెక్కింది. కంపెనీ చిట్టాలకంటే ఇవేం తక్కువ లెక్కలు కావు. సమాధి రాయి కూడా శాసనమే కదా. మన దాత పుణ్యం చెక్కించుకున్నాడు, డచ్చివాడు మరణం చెక్కించుకున్నాడు.

1824 ఒప్పందంతో డచ్చివాళ్లు భారతదేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్లకు వదిలేసుకున్నారు. ఆ మరుసటి ఏడు పాలకొల్లు కూడా చేతులు మారింది.

ఈసారి ద్రాక్షారామం వెళ్తే దర్శనం కాగానే బస్సు పట్టుకోకండి. పిల్లల్ని ఓ శాసనం ముందు నిలబెట్టి గుర్తుపట్టగలిగిన అక్షరాలు చదివించండి. దయచేసి వాటిమీద పసుపూ కుంకుమా పూయకండి. తర్వాత ఒలందు దిబ్బకి దారి అడగండి.