స్థపతి వృత్తి – దాని రాబడి

మన మల్యాల మండలమునందే కొండగట్టు ఆంజనేయస్వామి వెలసియున్నాడు. ఆ క్షేత్రాభివృద్ధికి 2022 డిసెంబరున 100 కోట్ల రూపాయలును, 2023 ఫిబ్రవరిలో మఱి 500 కోట్లును నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు ప్రకటించిరి. ఇంత ధనములో స్థపతికి దక్కునదెంత, ఉలి పట్టినవానికి దక్కునదెంత అను ప్రశ్న విశ్వబ్రాహ్మణుల యిండ్లలో పుట్టుట సహజమే. ఈ ప్రశ్న క్రొత్తదియు కాదు.

క్రీ.శ. 8వ శతాబ్దమున కన్నడదేశమందలి పట్టదకల్లున చాళుక్యరాణి లోకమహాదేవి గుడి కట్టించెను. దానికి సూత్రధారి గుండ అను అనివారితాచారి. రెండవ విక్రమాదిత్యుడు అతనికి పెర్జెఱెపు అను పట్టము గట్టినట్లు అచటి శాసనమే చెప్పుచున్నది. ఇది మనకు గర్వకారణమే. కాని పట్టము గౌరవమేగాని గ్రాసము కాదు.

మన తెలుగునాట అంతటి గౌరవమును శాసనమున కానరాదు. 1213 నాటి పాలంపేట శాసనము రేచెర్ల రుద్రుని కీర్తించును, దేవునికిచ్చిన గ్రామములను పేర్కొనును. కట్టిన శిల్పి పేరు మాత్రము చెప్పదు. రామప్ప యను పేరు జనుల నోట నిలిచినది. 2021లో ఆ గుడి ప్రపంచవారసత్వ జాబితాకెక్కినది. దేవునికి గ్రామములు, దాతకు కీర్తి దక్కినవి. శిల్పి మాట యెవరును వ్రాయలేదు.

గుడిపని ఎల్లకాలమును ఉండదు. తక్కిన దినములలో మనవారిని పోషించినది పల్లె. వడ్రంగి నాగలి చేసెను, కమ్మరి కఱ్ఱు సాగగొట్టెను. రైతు కళ్లమునందు గింజలు కొలిచి యిచ్చెను. కొన్నియెడల బలూతా ఇనాము భూములును ఉండెడివి. 1955 నాటి తెలంగాణా ఇనాముల రద్దు చట్టమునందును ఆ పేరు గలదు. ఈ యేర్పాటును మెచ్చుకొనువారు పలువురు గలరు. మేమంతగా మెచ్చుకొనజాలము. పంట పండని యేట రైతుతోపాటు మనవారును పస్తులుండిరి. అయినను పనివానికి రావలసినదేమో ఊరందఱకును తెలిసియుండెడిది.

నేటి స్థితి వేఱు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ననుసరించి, రిజిస్టరు కానివాడు ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొనరాదు. ఆ నిషేధము పేరునకేగాని కట్టడముల నమూనా గీయు పనికి కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. అనగా తాతనాటి విద్యగల స్థపతి గీత గీయవచ్చును, ఆ పేరుతో బోర్డు మాత్రము కట్టరాదు! ఆర్కిటెక్టు ఫీజును సాధారణముగా కట్టుబడి ఖర్చుపై నూటికింత యని లెక్కింతురు. శిల్పికి దినకూలియో, అడుగు లెక్కయో. కట్టడపు వెల పెరిగినకొలది మొదటివాని ఫీజు పెరుగును. రెండవవాని చేతివేగము పెరుగదు గదా.

ఈ వృత్తి లాభించునా యని మమ్మడిగినచో, గీతయు లెక్కయు నేర్చినవానికి లాభించును, ఉలి మాత్రమే నేర్చినవానికి కష్టమనియే చెప్పుదుము. 1960లో తిరుపతి దేవస్థానమువారు స్థాపించిన శిల్పశిక్షణసంస్థ యున్నది. ఐదేండ్ల ఆర్కిటెక్చరు డిగ్రీయు నున్నది. మన బాలురేగాక బాలికలును ఈ రెండింటిలో నొకదానికైన పోవలెను. తొలియేండ్లలో పెద్దవారి కార్యాలయములందు స్వల్పజీతమునకు పనిచేయవలసియుండును. తల్లిదండ్రులు అది తెలిసియే పంపవలెను.

దాతలకు మాదొక విన్నపము. మీరు గుడి కట్టించునపుడు ఒప్పందపు కాగితమున స్థపతి ఫీజును, శిల్పుల కూలిని వేఱువేఱుగా వ్రాయింపుడు. శిలాఫలకమున మీ పేరుక్రింద వారి పేర్లకును నాలుగు పంక్తుల చోటు విడువుడు.