బరువు వెయ్యి బాబాయ్

ఈ కల్యాణ మండపంలో మామూలుగా ఉండే వాసనలు వేరు. సాంబారు, మల్లెపూలు, జనరేటరు డీజిలు. ఇవాళ గుమ్మం దాటగానే తడి సుద్ద వాసన, దాని వెనకే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. పెళ్ళిపీటలు వేసే వేదిక ముందు రెండు ఇనప కడ్డీలు నడుమెత్తున పక్కపక్కనే బిగించి ఉన్నాయి. వాటి చివర గోడకి నిలువుటద్దం. కుర్చీల వరసల్లో చంక కర్రలు, చేతికర్రలు, మడిచి పిన్నీసు పెట్టిన ప్యాంటు కాళ్ళు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చారందరూ. ఉచితంగా జైపూర్ కాలు పెట్టే శిబిరం ఇది.

మూడో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి. మీ పక్కనున్నాయన దర్శి వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. యాభైకి దగ్గర పడుతున్నాడు. గోళ్ళ చుట్టూ సిమెంటు తిన్న మచ్చలు ఇంకా పోలేదు. ఎడమ కాలు మోకాలి కింద జానెడు దూరంలో ఆగిపోయింది. సుగరు. పని చేస్తుంటే మేకు గుచ్చుకుంది. అరికాలికి స్పర్శ ఏనాడో పోయింది కాబట్టి తెలియలేదు. సాయంత్రం చెప్పు విప్పితే గానీ రక్తం కనపడలేదు. ఆ తరవాత పుండు, నలుపు, ఆపరేషను. ఈ వరసల్లో చాలామందిది ఇదే కథ, ఊళ్ళే వేరు.

"వచ్చినోళ్ళందరూ ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉండు అని చెప్పిపోయేవాళ్ళు," అంటాడు మీ వంక చూడకుండానే. "ధైర్యంగా ఉండి ఏం జెయ్యాల్నో ఒక్కడూ చెప్పలా."

ఆయన భార్య సంచిలోంచి మజ్జిగ సీసా తీసి అందిస్తుంది, ఈ మాట చాలాసార్లు విన్నట్టు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అట్ట మీద కాగితాలు పెట్టుకుని వరసలోకి వస్తుంది. పేరు, ఊరు, ఆపరేషను ఎప్పుడయింది, సుగరు ఎంతుంది. చివర్లో ఒక ప్రశ్న. "కాలు వచ్చాక ముందుగా ఏం చెయ్యాలనుకుంటున్నారు?" జవాబులు వినండి. ముందు వరసలో పెద్దావిడ: రాత్రిపూట కోడల్ని లేపకుండా దొడ్లోకి పోయి రావాలి. ఇంటరు చదివే కుర్రాడు: బైకు గేరు వెయ్యాలి. ఇంకొకాయన: గేదెల్ని చెరువుకి తోలుకెళ్ళాలి, బురదలో దిగబడకుండా ఉంటుందా అది? నడవాలి అని ఒక్కరూ అనరు. నడక వాళ్ళకి దారి మాత్రమే, దాని చివర పని ఉంది. ఆశ గురించి మనం పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటాం గానీ, ఇక్కడ కూర్చుంటే నాకు అది దొడ్డి తలుపంత, గేరు కడ్డీ అంత కనిపిస్తుంది. ఆ కొలతలో ఉంటేనే మనిషి దాన్ని రోజూ చేత్తో పట్టుకోగలడు.

మేస్త్రీ వంతు వచ్చేసరికి చాలాసేపు ఆలోచిస్తాడు. "గోడ కట్టాలమ్మా. ఒక్కటి కట్టినా చాలు."

ఆ అమ్మాయి రాసుకుంటుంది. వెంటనే మొండికాలిని మెల్లగా చాపించి చూసి, "మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటున్నారా బాబాయ్?" అంటుంది. అవునంటాడు, హాయిగా ఉంటుందని. "హాయిగానే ఉంటుంది. కానీ కీలు అట్లాగే వంగి బిగుసుకుపోతుంది. ఇవాళ్టి నుంచి దిండు తీసేయండి. రోజూ కాసేపు బోర్లా పడుకోండి. కాలు తిన్నగా రాకపోతే ఎంత మంచి కాలు పెట్టినా కుంటుతారు." మేస్త్రీ తల ఊపుతాడు. ఏం జెయ్యాల్నో చెప్పినవాళ్ళు ఇన్నాళ్ళకి కనిపించారు.

ఆయన ఇంకా ఏదో అడగాలని ఆగుతున్నాడు. గొంతు తగ్గించి, "రాత్రిళ్ళు బొటనవేలు దురద పెడతదమ్మా. లేని కాలికి," అంటాడు. "జెప్తే నవ్వుతారని..." అమ్మాయి నవ్వదు. వెనక వరసలోంచి ఎవరో అందుకుంటారు: "నాకు పిక్క పట్టేసుద్ది. పట్టుకుని నొక్కుదామంటే పిక్క యాడుందీ?" అప్పుడు నవ్వుతారు, వరస వరసంతా. మేస్త్రీ కూడా. కాలు పోయినా మెదడులో దాని చోటు అలాగే ఉండిపోతుందనీ, ఇది పిచ్చి కాదనీ ఆ అమ్మాయి చెబుతుంది. వి.ఎస్. రామచంద్రన్ అనే నరాల శాస్త్రవేత్త 1990లలో ఒక మామూలు అద్దంతో ఇలాంటి నొప్పి తగ్గించవచ్చని చూపించాడు. ఉన్న అవయవం ప్రతిబింబం, లేనిదాని చోట కనపడేలా అద్దం పెట్టి. అద్దం సంగతి అలా ఉంచండి. ఆ నవ్వుతోనే మేస్త్రీ భుజాలు కొంచెం కిందికి దిగాయి, చూశారా?

పిలుపు వస్తుంది. మీరూ వెనకే వెళ్ళండి, వంటశాల వైపు. అక్కడ ఇవాళ కాళ్ళు తయారవుతున్నాయి.

రాజస్థాన్ నుంచి వచ్చిన టెక్నీషియను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చీరాని తెలుగు, "బాబాయ్" మాత్రం బాగా వచ్చు. మొండికాలికి తడి గుడ్డ తొడుగు వేసి, ఊదారంగు పెన్సిలుతో ఎముకలు పొడుచుకొచ్చిన చోట్లా, మోకాలిచిప్ప కిందా గుర్తులు పెడతాడు. దాని మీద పిండికట్టు తడిపి చుడతాడు. అది వెచ్చబడి, బిగిసి, ఊడి చేతికొస్తే లోపల బోలుగా మేస్త్రీ కాలి ఆకారం ఉంది, ఊదా గుర్తులతో సహా. ఇప్పుడు అందులో సుద్ద కలిపి పొయ్యాలి. సాయానికి వచ్చిన కాలేజీ కుర్రాడు బకెట్లో పొడి పోసి పైనుంచి నీళ్ళు వంపుతున్నాడు.

"ఆగబ్బాయ్!" మేస్త్రీ గొంతు ఇంతవరకూ మీరు విన్నది కాదు. "నీళ్ళు ముందు. నీళ్ళలోకి పొడి జల్లుకుంటా రావాల. ఇట్టా పోస్తే ఉండలు గట్టుద్ది, లోపల గాలి బుడగలు పడతయ్."

కుర్రాడు బిక్కమొహం వేస్తాడు. టెక్నీషియను ఒక క్షణం చూసి, పకపకా నవ్వి, బకెట్టు మేస్త్రీ ముందుకి జరుపుతాడు. మేస్త్రీ ఒంటికాలి మీద బల్లకి ఆనుకుని, కొత్త బకెట్టులో నీళ్ళు పట్టించి, పొడిని వేళ్ళ సందుల్లోంచి జల్లుతాడు. అది నీళ్ళు పీల్చుకుని మునిగేదాకా ఆగి, అడుగు నుంచి నెమ్మదిగా కలుపుతాడు. ఆసుపత్రి మంచం దిగిన తరవాత ఆయన చెయ్యి చేసిన మొదటి పని ఇది. తన కాలికి తనే మాలు కలుపుకున్నాడు. పోసిన తరవాత కణుపుతో తట్టి, "ఇంకా పచ్చిగుంది, ఆగు," అని టెక్నీషియనుకే చెబుతాడు. ఆ తరవాత అతను బాబాయ్ మానేసి మేస్త్రీ అని పిలవడం మొదలుపెడతాడు.

అచ్చు ఆరాక అసలు నేర్పు చూడండి. టెక్నీషియను రాపిడి రేకుతో మోకాలిచిప్ప కింద సుద్దని లోతుగా గీకుతాడు. పక్కన ఎముక పొడుచుకొచ్చిన చోట మాత్రం కాస్త సుద్ద మెత్తి ఎత్తు చేస్తాడు. మేస్త్రీ ఎందుకని అడిగితే, సగం హిందీ సగం తెలుగులో, "ఇక్కడ బరువు పడుతుంది, గట్టిగా నొక్కాలి. ఇక్కడ ఎముక, పడదు. ఖాళీ వదలాలి." పొలాల్లో నీళ్ళకి వాడే గొట్టాల జాతి ప్లాస్టిక్ గొట్టాన్నే పొయ్యిలో మెత్తబడేదాకా కాల్చి, ఆ అచ్చు మీదికి లాగి, గాలి పీల్చేస్తే చర్మంలా అతుక్కుపోతుంది. చల్లారాక కోసి, అంచులు రుద్ది, కింద పాదం బిగిస్తారు.

ఆ పాదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. గోధుమరంగు రబ్బరు. వేళ్ళున్నాయి, గోళ్ళున్నాయి. పక్కలకి వంచితే వంగుతుంది. లోపల చెక్క ముక్క, స్పాంజి రబ్బరు దిమ్మలు, పైన గట్టి రబ్బరు పొర. 1968లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పకారుడూ, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడూ కలిసి తయారు చేసిన పాదం. అంతకుముందు ఉన్న విదేశీ పాదాలకి బూటు తప్పనిసరి. గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, వట్టి కాలితో పొలంగట్టు ఎక్కలేరు. తీసుకెళ్ళినవాళ్ళు ఇంటి మూల పడేసేవారు. సైకిలు టైరుకి గాలి పోయి ఆగినచోట, లారీ టైరుకి కొత్త రబ్బరు వేస్తుంటే చూసి శర్మకి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ పేరు చాలామందికి తెలియదు. నాకు అది న్యాయంగా తోచదు.

"మయూరి సినిమాలో ఆ పిల్ల పెట్టుకుంది ఇదే కదా?" పెద్దావిడ పక్క బల్ల మీద నుంచి అడుగుతుంది. ఇదే. నర్తకి సుధా చంద్రన్‌కి 1981లో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదంలో కాలికి దెబ్బ తగిలితే, ఆ కాలు తీసేశారు. ఈ పాదంతోనే 1984లో మళ్ళీ వేదికెక్కింది. మరుసటేడు సింగీతం శ్రీనివాసరావు ఆ కథని తెలుగులోనే సినిమాగా తీస్తే తన పాత్ర తనే వేసింది.

మేస్త్రీ పాదాన్ని తిరగేసి అరికాలు చూస్తున్నాడు. "ఆమె నాట్యం జేసింది. నాకెందుకులే అంత. ఇటిక మీద ఇటిక పెడితే చాలు."

ఇక కడ్డీల దగ్గరికి. మేజోడు తొడిగి, కాలు తొడిగి, మోకాలి పైన పట్టీ బిగిస్తారు. మేస్త్రీ రెండు చేతులా కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. అద్దంలో రెండు కాళ్ళ మనిషి కనపడుతున్నాడు, ఆయన మాత్రం అటు చూడటం లేదు. ఫిజియో అమ్మాయి కొత్త పాదం కింద మామూలు బరువు చూసే మిషను ఒకటి పెడుతుంది, అంతే ఎత్తున్న చెక్క కుడి కాలి కింద.

"బరువు వెయ్యి బాబాయ్."

"ఏశా."

"పదకొండు కిలోలు. మీ ఒంట్లో సగం ఎంత? ముప్ఫై అయిదు. మిగతాదంతా చేతుల మీద ఉంది."

చేతి నరాలు ఉబ్బి ఉన్నాయి. కణతల మీంచి చెమట. దగ్గరగా నిలబడితే ఊపిరి ఎగదీసి ఆపేయడం వినపడుతుంది. నొప్పి కాదు, ఎవరూ తొయ్యడం లేదు, పడితే పట్టుకోడానికి ఇద్దరున్నారు. అయినా ఒళ్ళు నమ్మడం లేదు. ముల్లు ఇరవై దాకా వస్తుంది, మళ్ళీ పన్నెండుకి పడుతుంది. ఇరవై ఆరు. పద్దెనిమిది. కుర్చీ అడుగుతాడు. కూర్చుని నీళ్ళు తాగి, "రేపు జూద్దాంలే," అంటాడు. భార్య ఏమీ అనదు, తుండుగుడ్డ అందిస్తుంది.

కష్టాలు మనిషిని పెంచుతాయి అని తేలిగ్గా అనేస్తుంటాం, ముఖ్యంగా ఎదుటివాడి కష్టాలు. రిచర్డ్ టెడెస్కి, లారెన్స్ కల్హౌన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు 1990ల నుంచి ఈ విషయాన్నే పరిశీలించారు. దెబ్బ మనిషిని పెంచుతుందని వాళ్ళూ చెప్పలేదు. దెబ్బ తరవాత దానితో పడే పెనుగులాటలోంచి కొందరిలో ఎదుగుదల వస్తుందనీ, వచ్చినా బాధ పక్కనే ఉంటుందనీ చెప్పారు. ఆ పెనుగులాట ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ ముల్లుని చూస్తే చాలు. పైకి పోతుంది, పడుతుంది, మనిషి కుర్చీ అడుగుతాడు.

కాసేపటికి మేస్త్రీ తనే లేస్తాడు. ఈసారి అమ్మాయి ఒక మాట మారుస్తుంది. "కాలు మీద బరువు వెయ్యాలని చూడకండి. చెయ్యి ఒకటి తీసి, ఆ గోడ మీద తూకపు గుండు వేలాడదీసినట్టు పట్టుకోండి." మేస్త్రీ కుడి చెయ్యి కడ్డీ వదిలి గాల్లోకి లేస్తుంది. కన్ను సగం మూసి, అద్దం అంచు తిన్నగా ఉందో లేదో చూస్తున్నాడు. అలవాటు. "కొంచెం ఎడమకి వాలింది అద్దం," అంటాడు. ముల్లు ముప్ఫై నాలుగు దగ్గర నిలబడి ఉంది. ఆయనకి ఎవరూ చెప్పరు, రెండో చెయ్యి కూడా దానంతట అది వదిలేదాకా.

తరవాతవి చకచకా జరిగిపోతాయి. కడ్డీల మధ్య నాలుగడుగులు, తిరుగు, నాలుగడుగులు. చేతికర్ర కొత్త కాలి వైపు కాదు, కుడి చేత్తో పట్టుకోవాలి. చెక్క మెట్లు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కొత్త కాలు ముందు. భోజనాలకి బల్లలు వేసినా మేస్త్రీ నేల మీద కూర్చుంటానని పట్టు పడతాడు. కూర్చోవడం కుదిరింది. లేవడం కుదరలేదు, ఇద్దరు పట్టారు. పెరుగన్నం తిన్నాక మళ్ళీ కూర్చుని మళ్ళీ లేస్తాడు, గోడ పట్టుకుని, ఒక్కడే.

వెళ్ళేముందు అమ్మాయి కూర్చోబెట్టి చెబుతుంది. రోజూ మేజోడు ఉతకాలి. మొండికాలు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. తొడిగేముందు నూనె రాయకూడదు. నెలలు గడిచేకొద్దీ కాలు సన్నబడుతుంది, వదులైతే ఇంకో మేజోడు, మరీ వదులైతే కొత్త తొడుగు. ఇంకోటి, ముఖ్యమైనది: కుడి పాదం రోజూ రాత్రి చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే అద్దం పెట్టుకుని. సుగరు ఎక్కడికీ పోలేదు. ఈ మాటలన్నీ భార్య వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. మేస్త్రీ ఫోను మోగుతుంది, ఆయన అటు తిరుగుతాడు.

"ఆఁ, పెట్టారు. నడుస్తున్నా." అవతల కాంట్రాక్టరు. "పరంజా ఎక్కను, ఇప్పుడే జెప్తున్నా. కింద పనేదన్నా ఉంటే ఒంటిపూట వస్తా... ఏందీ? హెల్పరు కూలీనా? కాలు పోయింది గానీ చెయ్యి పోలేదయ్యా. ఒంటిపూటైనా మేస్త్రీ కూలీయే." ఫోను చేత్తో మూసి వెనక్కి తిరుగుతాడు. "రోజంతా ఎప్పటినుంచి తొడుక్కోవచ్చమ్మా?"

"మొదట గంట. విప్పి చూడండి. ఎర్ర మచ్చ కాసేపట్లో పోతే సరే. పోకపోతే తొడగొద్దు, మా దగ్గరికి రండి. అట్లా రోజుకి కొంచెం పెంచండి. తొందర పడితే పుండవుతుంది."

మేస్త్రీ ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంటాడు. "ఇంకో నెల పడుద్దంట. ఆగుతావా, వేరేవోణ్ణి పెట్టుకుంటావా, నీ ఇష్టం."