ఉమ్మడి కాపురమా, వేరు కుంపటా?

అత్తగారింట్లోనే ఉండి పోరు పెట్టడమా, వేరు కుంపటి పెట్టుకోవడమా? కోడళ్ళకే కాదు, ఒకప్పుడు మన సోషలిస్టులకీ వచ్చిందీ సందేహం. అత్తగారెవరంటారా? ఇంకెవరు, కాంగ్రెసే!

నాసిక్ జైల్లో జయప్రకాశ్ నారాయణ్, ఆయన మిత్రులూ కూర్చుని ఆలోచించినదాని ఫలితం, 1934లో పాట్నాలో పుట్టిన కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ. పేరులోనే ఉంది చూడండి, ఇల్లు విడవం, ఇంట్లో ఉండే ఇంటిని మారుస్తాం అని. నెహ్రూగారు వీళ్ళని మెచ్చుకున్నారు గాని వీళ్ళలో చేరలేదు. ఆ మెప్పే పద్నాలుగేళ్ళు వీళ్ళని గడప దాటనివ్వలేదేమోనని నా అనుమానం.

1948లో దాటారు. విచిత్రం, ఆ నిర్ణయమూ నాసిక్‌లోనే! తీరా 1952 ఎన్నికల్లో నూటికి పదిమందికి పైగా ఓటేసినా, లోక్‌సభలో దక్కినవి 12 స్థానాలు. నూటికి నలభై అయిదు ఓట్లతో కాంగ్రెసు 364 పట్టుకుపోయింది.

మరుసటేడు నెహ్రూగారు మళ్ళీ కబురంపారు, కలిసి పనిచేద్దాం రమ్మని. జయప్రకాశ్ ఊరికే వెళ్తారా? 14 అంశాల జాబితా ముందు పెట్టారు. బ్యాంకులు, బీమా జాతీయం చెయ్యాలి, భూములు పంచాలి, ఇలా. మాట ఇవ్వడానికి నెహ్రూగారు ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిన అవసరమేముంది పాపం, చేతిలో 364 ఉండగా! పొగిడినా తిట్టినా, అవసరం లేనివాడు వింటాడా?

అవసరం వస్తే సంగతి వేరు. 1952లో మన ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు కాంగ్రెసుకు చుక్కలు చూపించారు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలనగా, జనవరిలోనే ఆవడి సభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజం అంటూ తీర్మానం చేసేసింది. అదొక్కటే కారణమనను గాని, కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో దక్కినవి 15. జెండా రంగు అరువిచ్చి జెండా పోగొట్టుకున్నట్టయింది. సోషలిస్టులదీ అదే గోల. కాంగ్రెసుతో సహకరిద్దామని అశోక్ మెహతా, ససేమిరా అని లోహియా. ఆ ఏడాది ఆఖరుకు లోహియా హైదరాబాదులో మరో కుంపటి వెలిగించారు.

ఇంతకీ బ్యాంకులు? 1969లో ఇందిరాగాంధీ జాతీయం చేశారు, సరిగ్గా పద్నాలుగే! లోపల చంద్రశేఖర్ వంటి మాజీ సోషలిస్టుల పోరు ఉంది. పెద్దలతో పెత్తనం తగాదా ముదిరి ఆవిడకీ జనం మెప్పు కావలసివచ్చింది. ఆ ఏడాదే కాంగ్రెసు చీలి మెజారిటీ పోయినప్పుడు సి.పి.ఐ. బయటినుంచి చెయ్యి అందించింది. అందించిన చెయ్యి 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడైనా వెనక్కి తీసుకోలేదు. జాబితా రాసిన జయప్రకాశ్ జైల్లో ఉన్నారు. 1977లో సి.పి.ఐ. 23 స్థానాల నుంచి 7కి దిగింది. ఆ మద్దతు పొరపాటని మరుసటేడు భటిండా మహాసభలో తానే ఒప్పుకుంది.