మైనపు పలక నుండి శిక్షణ పెట్టె వరకు

ఒకప్పుడు కాకతీయ వంశశాఖ ఏలుబడిలో ఉండిన బస్తర్ సీమలో, కొండగావ్ పరిసరాల గడ్వా కళాకారులు పోతపోసే లోహపు బొమ్మలు దేశవిదేశాలలో ప్రసిద్ధికెక్కాయి. మట్టి అచ్చుపై తేనెమైనపు దారాన్ని చుట్టి రూపం తీర్చుతారు. దానిపై తిరిగి మట్టి మెత్తి కాల్చుతారు. కరిగిన మైనం విడిచిన ఖాళీని లోహం నింపుతుంది. మైనం దశలో దొర్లిన పొరపాటును వేలితో చెరిపి మళ్లీ చేయవచ్చు. లోహం గట్టిపడిన పిమ్మట ఆ అవకాశం లేదు. చేయి కుదురుకొనవలసినది మైనం మీదనే.

శస్త్రవైద్యం విషయంలో ఇదే ఆలోచన సుశ్రుత సంహితలో శాస్త్రరూపం ధరించింది. క్రీస్తు శకారంభానికి అటూ ఇటూ కొన్ని శతాబ్దాల కాలంలో రూపొందినదని పండితులు భావించే ఈ గ్రంథంలో, సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం పూర్తిగా ‘యోగ్య’ను గూర్చినది. యోగ్య అనగా చేతి సాధన. శాస్త్రమంతా చదివిన శిష్యుడైనా ఈ సాధన లేనిదే చికిత్సకు అర్హుడు కాడని గ్రంథకర్త నిర్ణయం. సాధనకు సూచించిన వస్తువులు ఆసక్తికరమైనవి. ఛేదనకు సొరకాయ, బూడిదగుమ్మడి, పుచ్చకాయ, దోసకాయ. భేదనకు నీటితో, బురదతో నింపిన తోలుతిత్తులు, పశువుల మూత్రాశయాలు. గీకుటకు వెంట్రుకలు తీయని చర్మం. సిరను గుచ్చుటకు చనిపోయిన పశువుల సిరలు, తామర తూడు. శలాకతో వెదకుటకు పురుగు తొలిచిన కర్ర, వెదురు. లోపల చిక్కిన వస్తువును వెలికి తీయుటకు పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు. కుట్లకు పలుచని, దళసరి వస్త్రాల అంచులు, మెత్తని తోలు. కట్లు కట్టుటకు నిలువెత్తు బొమ్మ. దుష్టరక్తాదులను స్రవింపజేసే క్రియకు మైనం పూసిన బూరుగు పలక. గడ్వా కళాకారుని మైనమే ఇక్కడ వైద్యశిష్యుని ముందుకు వచ్చింది.

ఈ జాబితాను ప్రాచీన విజ్ఞాన వైభవానికి నిదర్శనంగా ఉదహరించడం మన సభలలో పరిపాటి. అంతటితో ఆగితే ప్రయోజనం స్వల్పం. ఒక్కొక్క క్రియకు ఏ రకమైన స్పర్శ, ఏ రకమైన ప్రతిఘటన చేతికి అలవడాలో గుర్తించి తదనుగుణమైన వస్తువును ఎంచడంలోనే దీని విశిష్టత ఉన్నది. కీహోల్ శస్త్రచికిత్స ప్రచారంలోకి వచ్చిన తొలి దశలో లోపించినది సరిగ్గా ఈ వివేచనయే.

1985 సెప్టెంబరులో జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహే ఉదరాన్ని పెద్దగా కోయకుండా పిత్తాశయాన్ని తొలగించాడు. స్వదేశపు శస్త్రవైద్యులు దానిని తొలుత ఆదరించలేదు. 1987లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఫిలిప్ మూరే వీడియో సహాయంతో అదే పని చేసిన తరువాత ఈ పద్ధతి దావానలంలా వ్యాపించింది. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా దీనికి శ్రీకారం చుట్టారు. రోగికి నొప్పి తక్కువ, ఇంటికి చేరడం త్వరగా. వైద్యుని చేతికి మాత్రం అన్నీ తలక్రిందులు. రంధ్రం వద్ద పరికరం తులాదండం వలె తిరుగుతుంది గనుక చేయి కుడికి కదిలితే కొన ఎడమకు పోతుంది. తెరపై లోతు తెలియదు. వ్రేళ్ల స్పర్శ చాలావరకు పోతుంది. పాత పద్ధతిలో ఇరవై ఏళ్లు ఆరితేరినవారు సైతం ఇక్కడ అక్షరాభ్యాసం చేయవలసినదే. అయినను చాలామంది రెండు మూడు రోజుల తరగతులతో రంగంలోకి దిగారు. ఫలితంగా పిత్తనాళానికి గాయమయ్యే ప్రమాదం పాత పద్ధతిలో కన్న రెండు మూడు రెట్లు పెరిగింది. నేర్చుకొనుటకు కావలసిన మూల్యాన్ని రోగి దేహం చెల్లించింది.

దీనికి విరుగుడు అప్పటికే ఉన్నది. జర్మనీలోని కీల్ నగరపు స్త్రీవైద్యనిపుణుడు కుర్ట్ సెమ్ సాధనకై ఒక పెట్టెను రూపొందించాడు. 1990లలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఇటువంటి పెట్టెలో చేసే చిన్న పనులకు కాలాన్ని, కచ్చితత్వాన్ని కొలిచే ప్రమాణాలు ఏర్పరచింది: చిన్న వస్తువులను ఒక మేకు నుండి మరొక మేకుకు మార్చడం, గీచిన వలయం వెంట గుడ్డను కత్తిరించడం, లోపలే ముడి వేయడం. 2002లో యేల్ విశ్వవిద్యాలయం వెలువరించిన పరిశోధనలో పదహారుగురు శిక్షణార్థులే ఉన్నా ఫలితం స్పష్టం. కంప్యూటర్ కల్పించిన కృత్రిమ దృశ్యంపై ముందుగా సాధన చేసినవారు శస్త్రచికిత్సలో పిత్తాశయాన్ని వేరుచేసే ఘట్టాన్ని 29 శాతం వేగంగా ముగించారు. సాధన లేనివారు పిత్తాశయాన్ని గాయపరచడమో, తాకరాని కణజాలాన్ని కాల్చడమో చేసే అవకాశం అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది.

భారతీయ గ్రామసీమలో లాపరోస్కోపు అడుగిడిన మార్గం వేరు. అది పిత్తాశయం కోసం రాలేదు. కుటుంబ నియంత్రణ శిబిరాల ద్వారా వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలోనూ, మధ్యప్రదేశ్‌లోనూ దానిని లక్ష్యాల అంకెలతో కలిపి చూడడం అధికార యంత్రాంగానికి అలవాటయింది. ఎన్ని చేశారన్న ప్రశ్న ఎలా చేశారన్న ప్రశ్నను మరుగుపరచింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాలలో శస్త్రచికిత్స పొందిన స్త్రీలలో 13 మంది మరణించారు. సకరీ శిబిరంలో కొద్ది గంటలలోనే 83 మందికి శస్త్రచికిత్స జరిగింది. మూడు లాపరోస్కోపులున్న బృందం సైతం రోజుకు ముప్పదికి మించరాదన్నది అప్పటి నిబంధన. కారణం మందుల కల్తీయా, అపరిశుభ్రతయా అన్న వాదం చాలా కాలం నడిచింది. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు, మూడు సంవత్సరాలలో ఇటువంటి శిబిరాలకు స్వస్తి చెప్పవలసిందిగా ఆదేశించింది. శిక్షణ ఒక్కటే ఆ మరణాలను ఆపేదని అనలేము. అయితే చేతిపనిని అంకెగా మార్చిన దృష్టి ఎక్కడికి దారితీయగలదో ఆ దుర్ఘటన చూపింది.

బస్తర్‌కు ఈ చరిత్రతో గల సంబంధం ఇక్కడే. 1998లో విభజితం కాకముందు బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కన్న పెద్దది. జగదల్‌పూర్‌లో వైద్య కళాశాల 2006లో గాని నెలకొనలేదు. దక్షిణాన శబరి ఒడ్డున ఉన్న కోంటా వాసికి రాయపూర్ కన్న భద్రాచలమే ఎంతో దగ్గర. పొలం పని, అడవి పని చేసుకొనే మనిషికి చిన్న కోతతో త్వరగా కోలుకొనడం నగరవాసికి కన్న ఎక్కువ అవసరం. నైపుణ్యం గల చేయి మాత్రం నగరంలోనే ఉన్నది. మత్తు వైద్యుడు, వాయువు సిలిండరు దొరకని చోట్లకై ఉదరకుడ్యాన్ని పరికరంతో పైకెత్తి చేసే వాయురహిత పద్ధతి ఒకటి ఉన్నది. గ్రామీణ శస్త్రవైద్యుల సంఘం, ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ నిపుణులు దీనిని ఈశాన్య రాష్ట్రాలలో ప్రచారం చేశారు. అయితే పద్ధతి సులభమైనంత మాత్రాన అభ్యాసం అనవసరం కాదు.

స్నాతకోత్తర వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం 2020లో వచ్చింది. వైద్య కళాశాలలలో నైపుణ్య ప్రయోగశాల ఉండాలన్న నిబంధన కూడా ఆ సంవత్సరానిదే. ఈ రెండింటినీ ఒకచోట చేర్చితే, అనగా విద్యార్థితో పాటు సాధన పెట్టె కూడా జిల్లా ఆసుపత్రికి చేరితే, ఖర్చు స్వల్పం. రంధ్రాలు చేసిన పెట్టె, ఒక చిన్న కెమెరా, ఒక దీపం, వాడి విడిచిన పరికరాలు చాలు. కోయుటకు, కుట్టుటకు, వెలికి తీయుటకు కావలసిన తక్కిన సరంజామాలో, అనగా సుశ్రుతుడు పేర్కొన్న సొరకాయ, దోసకాయ, వెదురు, పనస, తేనెమైనం వంటి వాటిలో, బస్తర్ వారపు సంతకు కొత్తవి బహుశా ఏవీ ఉండవు.