మన లిపిలో మన పేరు: కాపలా ఎవరిది?

ఇంటర్నెట్‌లో చిరునామా కొట్టాలంటే చాలాకాలం ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. ఇరవై ఆరు అక్షరాలు, పది అంకెలు, ఒక చిన్న గీత. అంతే. తెలుగు మాత్రమే చదవగలిగిన పిల్లవాడైనా ఆ గుమ్మంలోంచే వెళ్లాలి.

వ్యాపారాలు ఇంటర్నెట్‌కి చేరాక పేర్ల కోసం తగవులు మొదలయ్యాయి. పేరున్న కంపెనీ పేరును ఎవరో ముందే నమోదు చేసుకుని, ఆ కంపెనీకే ఎక్కువ ధరకు అమ్మజూపేవారు. ఈ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో తగవు తీర్చే పద్ధతి తెచ్చింది. ఆ పేరు తన ట్రేడ్‌మార్కును పోలి ఉందని, అవతలివారికి దానిపై హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకున్నారని ఫిర్యాదుదారు రుజువు చేయాలి.

తర్వాత ఇతర లిపులకు దారి తెరుచుకుంది. 2010 మే నెలలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యూఏఈ తమ దేశాల పేర్లను అరబిక్ లిపిలో చిరునామా చివర పెట్టుకున్నాయి. 2011లో తెలుగు లిపిలో ‘భారత్’ చేరింది.

దానితో కొత్త చిక్కూ వచ్చింది. సిరిలిక్ లిపిలోని కొన్ని అక్షరాలు అచ్చం ఇంగ్లీషు అక్షరాల్లాగే కనబడతాయి. 2017లో ఒక పరిశోధకుడు సిరిలిక్ అక్షరాలతో ‘యాపిల్’ చిరునామా తయారుచేసి చూపాడు. కొన్ని బ్రౌజర్లలో తేడా కంటికి తెలియలేదు.

కొత్త చిరునామాలు అందరికీ ఇచ్చేముందు ట్రేడ్‌మార్కు ఉన్నవారికి తొలి అవకాశం ఇచ్చేందుకు 2013లో ఒక ఉమ్మడి పట్టిక మొదలైంది. ఏ లిపిలోని మార్కునైనా అందులో చేర్చవచ్చు. అయితే నమోదైన అక్షరాలకే రక్షణ. ఇంగ్లీషులో ఉన్న మార్కును తెలుగులో రాస్తే పట్టిక గుర్తించదు. తెలుగులో విడిగా నమోదు కావాలి.

ఇది మనకెందుకు? అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ మన గిరిజన రైతుల చెమట. కానీ 1999 నాటి పద్ధతి ట్రేడ్‌మార్కునే చూస్తుంది, భౌగోళిక గుర్తింపు ఒక్కటే ఉంటే అక్కడ చాలదు. ఇక మన కొండల పేర్లు, తెగల పేర్లు నోటి మీద బతికినవి. ఏ రిజిస్టరులోనూ లేని పేరుకు కాపలా కష్టం.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. యూనికోడ్‌లో లేని లిపిలో చిరునామా రాదు కనుక అది మొదటి మెట్టు. తర్వాతి మెట్టు మనదే. తేనె, కాఫీ అమ్మే మన సంఘాలు సామూహిక మార్కు తీసుకోవడానికి మన దేశ ట్రేడ్‌మార్కుల చట్టం వీలిస్తోంది. దరఖాస్తు రాసేటప్పుడు పేరును ఇంగ్లీషులోనే వదిలేయకుండా మన లిపిలోనూ రాయించాలి. అది చదువుకున్న యువకులు, ఉపాధ్యాయులు చేయగల పని.