గోడకు అటూ ఇటూ

లైప్‌జిగ్, హాలె. తూర్పు జర్మనీలో బొగ్గు పొగ కమ్మిన ఊళ్ళు. 1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలాక, మ్యూనిక్ పిల్లల డాక్టరు ఎరికా ఫాన్ ముటియస్ బృందం అక్కడి పిల్లల్నీ తమ ఊరి పిల్లల్నీ పోల్చి చూసింది. పాడు గాలి పీల్చినవాళ్ళకే ఆస్తమా ఎక్కువుండాలి కదా, అదీ అంచనా. కోడు రాసుకు బతికే నాకిది చరిత్ర నడిపిన ఎ/బి టెస్టులా కనిపిస్తుంది.

1992లో అచ్చైన లెక్కలు తలకిందులు. ఆస్తమా తూర్పున 7.3 శాతం, మ్యూనిక్‌లో 9.3. పుప్పొడి పడక వచ్చే తుమ్ములూ జలుబూ అయితే 2.4కి 8.6!

ఇక్కడితో చదవడం ఆపేసి "మట్టిలో ఆడనిస్తే ఏ రోగమూ రాదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళున్నారు. జేబులో ఇన్‌హేలర్‌తో తిరిగే నాకు ఒళ్ళు మండుతుంది. అదే వ్యాసంలో బ్రాంకైటిస్ తూర్పున 30.9 శాతం, మ్యూనిక్‌లో 15.9. పొగ చేసే చెరుపు పొగ చేసింది. అలెర్జీ వేరే దారిన వచ్చింది. మనం "ఆయాసం" అని ఒకే మూటగా కట్టే జబ్బుల్ని ఈ అంకెలు విడదీశాయి.

ఆ దారేమిటి? గోడ కూలిన తొమ్మిదో రోజున లండన్‌లో డేవిడ్ స్ట్రాకన్ రెండు పేజీల వ్యాసం అచ్చయింది: 1958లో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల్లో, అన్నలూ అక్కలూ ఎక్కువున్నవాళ్ళకి పుప్పొడి జలుబు తక్కువ. చిన్నప్పుడు తోబుట్టువుల నుంచి అంటుకునే జబ్బులే కాపాడతాయేమో అన్నాడాయన. ఫాన్ ముటియస్ తర్వాత పశువుల కొట్టాల వైపు మళ్ళారు. 2001లో అచ్చైన ఆ పరిశోధనలో, ఏడాది నిండకముందే కొట్టంలో తిరిగి అక్కడి పాలు తాగిన పిల్లల్లో ఆస్తమా 1 శాతం. ఏడాది దాటాక మొదలుపెట్టినవాళ్ళలో 11.